రోడ్డు ప్రమాదంలో గాయపడ్డారా? నష్టపరిహారం కేసు ఇలా నడిపించుకోండి

"ఎదుటి బండికి ఇన్సూరెన్స్ ఉందట, మాకు ఎంత వస్తుంది?" ప్రమాదం జరిగిన ఇంటి నుంచి మొదట వచ్చే ప్రశ్న ఇదే. దానికి ముందు ఇంకో ప్రశ్న ఉంది: మీ దగ్గర ఏయే కాగితాలున్నాయి? ట్రిబ్యునల్‌లో (రోడ్డు ప్రమాదాల పరిహారం కేసులు విచారించే కోర్టులో) డబ్బు పెరిగినా తగ్గినా, మొదటి నెలలో మీరు పోగేసిన కాగితాలను బట్టే. చాలామంది ఆస్పత్రి బిల్లులన్నీ జాగ్రత్తగా కట్ట కట్టి పెడతారు. సంపాదన ఎంత పోయిందో చూపించే ఆధారం మాత్రం ఒక్కటీ ఉంచుకోరు. పెద్ద మొత్తం వచ్చేది ఆ రెండో దాని మీదే.

ఇది గాయపడి బతికి బయటపడ్డవాళ్ల కోసం రాసింది. మరణం జరిగిన కేసుల్లో లెక్క కొంచెం వేరు.

ముందు మీ ప్రమాదం ఏ రకమో తేల్చుకోండి

వేరే బండి డ్రైవర్ తప్పు వల్ల దెబ్బ తగిలితే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 166 కింద ట్రిబ్యునల్‌లో కేసు వేయాలి. మన కోర్టుల్లో దీన్నే ఎంవీఓపీ అంటారు. కింద చెప్పేదంతా ప్రధానంగా దీని గురించే.

తప్పు ఎవరిదో నిరూపించడం కష్టమనుకుంటే సెక్షన్ 164 ఉంది. తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు, మరణానికి 5 లక్షలు. ఎవరి తప్పో రుజువు చేయక్కర్లేదు. కానీ ఆ డబ్బు తీసుకుంటే 166 కింద వేసిన కేసు అక్కడితో రద్దయిపోతుంది. శాశ్వత వైకల్యం మిగిలినవాళ్లు తొందరపడి దీనికి ఒప్పుకోకండి.

గుద్దిన బండి ఏదో తెలియకుండా పారిపోతే అది హిట్ అండ్ రన్. 2022 ఏప్రిల్ 1 నుంచి తీవ్ర గాయానికి 50 వేలు, మరణానికి 2 లక్షలు ఇస్తున్నారు. దీనికి కోర్టు అక్కర్లేదు, రెవెన్యూ అధికారులకు అర్జీ పెట్టాలి. తహసీల్దార్ లేదా ఆర్డీఓ ఆఫీసులో అడిగితే ఎవరికి ఇవ్వాలో చెబుతారు.

మీ బండి మీరే నడుపుతూ జారి పడితే ఎదుటివాళ్లెవరూ లేరు కాబట్టి 166 వర్తించదు. మీ పాలసీలో పర్సనల్ యాక్సిడెంట్ కవర్ ఉందేమో చూడండి. ఓనర్ కమ్ డ్రైవర్‌కి, అంటే సొంత బండి నడిపే యజమానికి, 15 లక్షల వరకు ఉంటుంది. అయితే అది మరణానికి, చేయో కాలో కన్నో పోయినప్పుడు, పూర్తి శాశ్వత వైకల్యానికి మాత్రమే. మామూలు ఫ్రాక్చర్‌కి రాదు.

డ్యూటీలో ఉండగా ప్రమాదం జరిగిన డ్రైవర్లు, క్లీనర్లు ఉద్యోగుల పరిహార చట్టం కింద కూడా వెళ్లొచ్చు. రెండిట్లో ఒకటే ఎంచుకోవాలి.

ఒక హెచ్చరిక. తనంతట తాను జారి పడ్డవాడికి తెలిసినవాళ్ల బండి నంబరు పెట్టి కేసు తయారు చేద్దామని సలహా ఇచ్చేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. వినకండి. ఇన్సూరెన్స్ కంపెనీలు ఇన్వెస్టిగేటర్‌ను పెట్టి ఆస్పత్రి రిజిస్టర్ నుంచి తవ్వుతాయి. దొరికితే పరిహారం పోవడమే కాదు, క్రిమినల్ కేసు మీ మీదే పడుతుంది.

కావలసినవి

- ఎఫ్ఐఆర్ కాపీ, సీన్ పంచనామా, స్కెచ్, మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టర్ రిపోర్టు, ఛార్జిషీట్
- గాయాల సర్టిఫికెట్, డిశ్చార్జ్ సమ్మరీ, కేస్ షీట్, ఎక్స్‌రే, స్కాన్ ఫిల్ములు
- బిల్లులు, మందుల చీటీలు కలిపి (చీటీ లేని మందుల బిల్లును సులభంగా కొట్టేస్తారు)
- ఎదుటి బండి ఆర్‌సీ, ఇన్సూరెన్స్, డ్రైవర్ లైసెన్స్ వివరాలు
- మీ ఆధార్, వయసు రుజువు, బ్యాంకు పాస్‌బుక్
- ఆదాయానికి ఆధారాలు
- వైకల్యం ఉంటే మెడికల్ బోర్డు సర్టిఫికెట్

అన్నీ ఒకేసారి దొరకవు. పోలీసు కాగితాలు నెలల తరబడి ఒక్కొక్కటిగా వస్తాయి. అవన్నీ వచ్చేదాకా కూర్చోకుండా పని మొదలుపెట్టండి.

1. ఆస్పత్రిలో చెప్పే మొదటి మాట జాగ్రత్త

క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టర్ "ఎలా జరిగింది?" అని అడిగి రెండు లైన్లు రాసుకుంటాడు. కంగారులో ఉన్న బావమరిదో, పక్కింటాయనో "బండి మీద నుంచి పడ్డాడండీ" అంటాడు. డాక్టర్ అదే రాస్తాడు: స్వయంగా బైకు మీద నుంచి పడినట్టు చెబుతున్నారు. రెండేళ్ల తర్వాత ఇన్సూరెన్స్ లాయరు ఆ కేస్ షీట్ తెప్పించి, ఆ ఒక్క లైను చూపించి, "మా బండి గుద్దనే లేదు" అంటాడు. అందుకే మొదటి మాటే పూర్తిగా చెప్పండి: ఫలానా చోట, ఫలానా టైముకి, వెనక నుంచి లారీ గుద్దింది. నంబరు తెలిస్తే నంబరు, తెలియకపోతే బండి రకం, రంగు.

ఎంఎల్‌సీ, అంటే మెడికో లీగల్ కేసుగా నమోదు చేశారో లేదో అడగండి. ప్రైవేట్ ఆస్పత్రి అయినా చేయాలి. 108లో వెళ్తే ఆ రికార్డు కూడా మీకు సాక్ష్యమే.

వైద్యం ఖర్చు గురించి ఒక మాట. కేంద్రం 2025 మేలో నోటిఫై చేసిన నగదు రహిత చికిత్స పథకం కింద రోడ్డు ప్రమాద బాధితులకు గుర్తింపు పొందిన ఆస్పత్రుల్లో ప్రమాదం జరిగిన రోజు నుంచి 7 రోజుల వరకు, లక్షన్నర దాకా ఖర్చు భరిస్తారు. చేర్చేటప్పుడే అడగాలి.

2. ఎఫ్ఐఆర్ చేయించండి, చదివి చూసుకోండి

గాయపడ్డవాళ్లు మంచం మీద ఉంటే ఇంట్లోవాళ్లు ఫిర్యాదు ఇవ్వొచ్చు. ఏ స్టేషన్ పరిధో తెలియక తిప్పుతుంటే జీరో ఎఫ్ఐఆర్ చేయమని అడగండి, తర్వాత వాళ్లే బదిలీ చేస్తారు. ఒకటి రెండు రోజులు ఆలస్యమైనంత మాత్రాన కేసు పోదు. కానీ ఆలస్యానికి కారణం ఫిర్యాదులోనే రాయించండి. "ఆస్పత్రిలో ఆపరేషన్ జరుగుతుండగా రాలేకపోయాం" అంటే చాలు.

కాపీ చేతికి రాగానే నాలుగు విషయాలు చూడండి: బండి నంబరు, తేదీ టైము, జరిగిన చోటు, గాయపడ్డవాళ్ల పేరు. పేరు ఆధార్‌లో ఒకలా, ఎఫ్ఐఆర్‌లో ఇంకోలా, ఆస్పత్రిలో మూడోలా ఉండటం మన దగ్గర మామూలే. ఇంటి పేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక. ఇప్పుడే సరిచేయించుకుంటే చిన్న పని. చివర్లో డబ్బు తీసుకునేటప్పుడు అదే పెద్ద టెన్షన్.

స్టేషన్‌లో రాజీ కాగితం పెడితే చదవకుండా సంతకం చేయకండి. డ్రైవర్ పేదవాడు, పాపం అని చెప్పి, "నా తప్పు వల్లే జరిగింది" అని రాయించుకున్న సందర్భాలున్నాయి. మీకు డబ్బిచ్చేది అతను కాదు, ఇన్సూరెన్స్ కంపెనీ. అతని మీద జాలి ఉంటే ఉండొచ్చు, ఆ వాక్యం మాత్రం రాయకండి.

3. ఎదుటి బండి వివరాలు పట్టుకోండి

ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబరు కొడితే ఇన్సూరెన్స్ కంపెనీ, గడువు కనిపిస్తాయి. ప్రమాదం జరిగిన తేదీకి పాలసీ అమల్లో ఉందా అన్నది చూడండి. ఇవాళ అమల్లో ఉంటే చాలదు. స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

డ్రైవర్‌కి లైసెన్స్ లేదని తెలిసి దిగులుపడిపోతారు. చాలా సందర్భాల్లో ట్రిబ్యునల్ "ముందు కంపెనీ బాధితుడికి చెల్లించాలి, తర్వాత ఓనర్ దగ్గర వసూలు చేసుకోవాలి" అని ఉత్తర్వు ఇస్తుంది. అసలు ఇన్సూరెన్సే లేకపోతే మాత్రం కష్టం. ఓనర్ ఆస్తి మీదే వెళ్లాలి.

మీరు బైకు వెనక కూర్చున్నవాళ్లయి, ఆ బైకే జారితే, ఆ బండికి ఉన్నది ఫుల్ పాలసీయా, వట్టి థర్డ్ పార్టీయా అని చూడాలి. వట్టి థర్డ్ పార్టీ పాలసీ అయితే వెనక కూర్చున్నవాళ్లకు కంపెనీ బాధ్యత తీసుకోదు.

4. బిల్లులు, వైద్యం కాగితాలు

ఒరిజినల్ బిల్లులు మెడిక్లెయిమ్‌కి ఇచ్చేసి, తర్వాత ట్రిబ్యునల్‌కి ఏం ఇవ్వాలో తెలియక తల పట్టుకునేవాళ్లు చాలామంది. ఇచ్చే ముందే ఆస్పత్రి సీలుతో ఇంకో సెట్ తీయించండి. ఆరోగ్యశ్రీలో ఉచితంగా జరిగిన ఆపరేషన్ ఖర్చును మీ జేబులోంచి పెట్టినట్టు చూపకండి. దాని పైన పెట్టిన మందులు, రాకపోకలు, మనిషి తోడు, ఇవన్నీ అడగొచ్చు.

గాయాల సర్టిఫికెట్‌లో ప్రతి గాయం ఎదుట సింపుల్ (చిన్నది) లేక గ్రీవియస్ (తీవ్రమైనది) అని ఉంటుంది. ఎముక విరిగితే చట్ట ప్రకారం అది గ్రీవియస్. ఎక్స్‌రే రిపోర్టు రాకముందే సర్టిఫికెట్ ఇచ్చేసి "సింపుల్" అని వదిలేస్తే, రిపోర్టు పట్టుకెళ్లి మార్చమని అడగండి.

లోపల ప్లేటు, రాడ్ వేశారా? తర్వాత అవి తీయడానికి ఎంత అవుతుందో డాక్టర్ చేత లెటర్‌హెడ్ మీద రాయించుకోండి. చాలామంది మర్చిపోయే డబ్బు ఇది. కేసు తేలాక ఆపరేషన్ చేయించుకుని మళ్లీ వచ్చి అడిగితే ఇవ్వరు.

5. సంపాదన రుజువులు: ఇక్కడ టైము పెట్టండి

ఉద్యోగులకు తేలిక: జీతం చీటీలు, ఫారం 16, ఎన్ని రోజులు సెలవు పెట్టారో ఆఫీసు లెటర్. ఇబ్బంది అంతా మేస్త్రీలకు, టైలర్లకు, ఆటో నడిపేవాళ్లకు, కూరగాయల బండి పెట్టుకున్నవాళ్లకు. "నెలకు 25 వేలు సంపాదించేవాణ్ణి" అని నోటితో చెబితే ట్రిబ్యునల్ తనకు తోచిన అంకె వేసుకుంటుంది, అది సాధారణంగా మీరు చెప్పిన దానికంటే చాలా తక్కువ. ఏం చూపొచ్చంటే: ప్రమాదానికి ముందు ఏడాది బ్యాంకు స్టేట్‌మెంట్, ఫోన్‌పే రాబడులు, యూనియన్ కార్డు, ఈశ్రమ్ కార్డు, బండి లోను వాయిదాలు కట్టిన రికార్డు, రైతు అయితే పట్టాదారు పాస్‌బుక్. పని ఇచ్చేవాళ్లు లెటర్ ఇస్తే సరిపోదు, కోర్టుకొచ్చి చెప్పాలి. వస్తారో లేదో ముందే అడగండి.

ప్రమాదం తర్వాత తీరిగ్గా వేసిన ఐటీ రిటర్న్‌ను ఎవరూ నమ్మరు. ముందు ఏళ్లవి ఉంటే బంగారం.

గృహిణులకు జీతం లేదు కదా అని కేసులో ఆదాయం నష్టం అడగకుండా వదిలేయకండి. ఇంటి పనికి విలువ కట్టి ఇవ్వాలని సుప్రీంకోర్టు ఎన్నోసార్లు చెప్పింది.

6. వైకల్యం శాతం: ఎక్కువమంది పొరపాటు పడే చోటు

సర్టిఫికెట్‌లో "కుడి కాలుకి 45 శాతం" అని ఉంటే, మీ సంపాదన 45 శాతం పోయినట్టు కాదు. ఆ గాయం వల్ల మీ పని ఎంత దెబ్బతిన్నదో ట్రిబ్యునల్ విడిగా తేలుస్తుంది. 2010లో రాజ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఉదాహరణే చూడండి: ఎడమ చెయ్యి పోతే శరీర వైకల్యం 60 శాతం అనుకుందాం. అతను డ్రైవరో వడ్రంగో అయితే సంపాదన దాదాపు నూరు శాతం పోయినట్టే. గుమాస్తా అయితే ఉద్యోగం నిలబడొచ్చు, నష్టం తక్కువ.

కాబట్టి మీ పనిలో ఆ అవయవం ఏం చేసేదో వివరంగా చెప్పాలి. టైలర్ అయితే "మోకాలు వంగదు" అని ఆపేయకుండా, మిషన్ పెడల్ ఎంతసేపు తొక్కగలుగుతున్నారు, రోజుకు ఎన్ని జాకెట్లు కుట్టేవాళ్లు ఇప్పుడు ఎన్ని, ఇవన్నీ లాయరుతో చెప్పి వాంగ్మూలంలో రాయించండి.

సర్టిఫికెట్ ప్రభుత్వ మెడికల్ బోర్డు నుంచో, సదరం క్యాంపులోనో (వైకల్య సర్టిఫికెట్లు ఇచ్చే ప్రభుత్వ క్యాంపు), మీకు వైద్యం చేసిన డాక్టర్ నుంచో తీసుకోండి. డబ్బిస్తే ఎక్కువ శాతం రాసిచ్చే డాక్టర్ల సంగతి ట్రిబ్యునళ్లకు బాగా తెలుసు. అసలు వైద్యమే చేయని డాక్టర్ 70 శాతం రాసిస్తే, మొత్తం కేసు మీదే అనుమానం వస్తుంది. రాసిచ్చిన డాక్టర్ సాక్ష్యానికి రావాలని కూడా గుర్తుంచుకోండి.

7. మీ లెక్క మీరే వేసుకోండి

34 ఏళ్ల టైలర్, నెలకు 15,000 రుజువైంది, సంపాదన నష్టం 20 శాతం అని తేలింది అనుకుందాం.

సొంత పని చేసుకునే, 40 లోపువాళ్లకు భవిష్యత్తు పెరుగుదల కింద 40 శాతం కలుపుతారు: 21,000. ఏడాదికి 2,52,000. అందులో 20 శాతం 50,400. దీన్ని వయసును బట్టి ఒక సంఖ్యతో హెచ్చిస్తారు. 31 నుంచి 35 ఏళ్లకు అది 16. మొత్తం 8,06,400.

ఆ సంఖ్యలు ఇవి: 15 నుంచి 25 వరకు 18, 26–30కి 17, 31–35కి 16, 36–40కి 15, 41–45కి 14, 46–50కి 13, 51–55కి 11, 56–60కి 9, 61–65కి 7, ఆ పైన 5. ఎఫ్ఐఆర్‌లో స్టేషన్ రైటర్ వయసు అందాజాగా 36 అని వేస్తే మీ టైలర్‌కి 50,400 పోయినట్టే. వయసు రుజువు ఎందుకు అడిగానో ఇప్పుడు అర్థమైందిగా.

దీనికి అదనంగా వైద్యం ఖర్చు, ఇక మీదట జరగాల్సిన ఆపరేషన్, మంచం పట్టిన నెలల సంపాదన, తోడున్న మనిషి, రాకపోకలు, ప్రత్యేక ఆహారం, నొప్పి బాధ, జీవితంలో కోల్పోయిన సుఖాలు. పిటిషన్‌లో ప్రతిదీ విడివిడిగా రాయించండి.

తగ్గించేవి కూడా ఉంటాయి. మీ తప్పు కొంత ఉందని తేలితే ఆ మేరకు కోత. హెల్మెట్ లేదు, ముగ్గురు ఎక్కారు అనే వాదన కచ్చితంగా వస్తుంది. దాని వల్లే ప్రమాదం జరిగిందా, గాయం పెరిగిందా అన్నది వాళ్లు చూపించాలి. దాచిపెట్టకుండా లాయరుకు ముందే చెప్పేయండి.

8. కేసు వేయడం

ప్రమాదం జరిగిన చోటే వేయక్కర్లేదు. మీరు ఉండే జిల్లాలో కూడా వేయొచ్చు. హైదరాబాద్‌లో దెబ్బ తగిలిన శ్రీకాకుళం మనిషి శ్రీకాకుళంలోనే వేసుకోవచ్చు.

చట్ట ప్రకారం ప్రమాదం జరిగిన 6 నెలల లోపు పిటిషన్ పడాలి. ఈ గడువు మీద సుప్రీంకోర్టులో వివాదం నడుస్తోంది. గడువు దాటిందన్న ఒక్క కారణంతో కొట్టేయవద్దని 2025 నవంబర్‌లో మధ్యంతర ఉత్తర్వు వచ్చింది. అలాగని నిమ్మళంగా కూర్చోకండి, 6 నెలల్లో వేసేయండి. ఛార్జిషీట్ రాకపోయినా ఎఫ్ఐఆర్‌తో వేయొచ్చు. పోలీసులు కూడా ప్రమాద వివరాల రిపోర్టును 90 రోజుల్లో ట్రిబ్యునల్‌కి ఇవ్వాలి. అది అందిందేమో స్టేషన్‌లో కోర్టు డ్యూటీ చూసే కానిస్టేబుల్‌ని అడగండి.

డ్రైవర్, ఓనర్, ఇన్సూరెన్స్ కంపెనీ పేర్లు పిటిషన్‌లో సరిగ్గా ఉన్నాయో చూసుకోండి.

లాయరు ఫీజు: "వచ్చిన దాంట్లో 30 శాతం" లాంటి ఒప్పందాలు బార్ కౌన్సిల్ నిబంధనలకు విరుద్ధం. జరగవా అంటే జరుగుతాయి. మీరు మాత్రం ఫీజు ఎంతో అంకెగా మాట్లాడుకోండి, ఖాళీ చెక్కులు, ఖాళీ కాగితాల మీద సంతకాలు ఇవ్వకండి. ఆస్పత్రి గేటు దగ్గరే కార్డు చేతిలో పెట్టే మధ్యవర్తిని నమ్మకండి. స్థోమత లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. మహిళలకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు, వికలాంగులకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు.

వేసిన తర్వాత కేసు నంబరు, సీఎన్ఆర్ నంబరు (ఆన్‌లైన్‌లో కేసును వెతికే నంబరు) అడిగి తీసుకోండి. ఈకోర్ట్స్ యాప్‌లో కొడితే తర్వాతి వాయిదా తెలుస్తుంది. "వేశాను" అని లాయరు చెప్పి వేయని సందర్భం కూడా ఇక్కడే బయటపడుతుంది.

9. లోక్ అదాలత్‌లో రాజీ అడిగితే

కంపెనీ ఒక అంకె చెబుతుంది. ఏడో మెట్టులో వేసుకున్న లెక్క పక్కన పెట్టి చూడండి. ఏళ్ల తరబడి తిరగలేం అనుకుంటే కొంత తగ్గి ఒప్పుకోవడంలో తప్పేం లేదు, డబ్బు త్వరగా వస్తుంది. కానీ లోక్ అదాలత్ అవార్డు (తీర్పు) మీద అప్పీలు లేదు. చికిత్స ఇంకా నడుస్తుంటే, ఇంకో ఆపరేషన్ మిగిలి ఉంటే, ఒప్పుకోకండి.

10. అవార్డు వచ్చాక

సర్టిఫైడ్ కాపీ తీసుకుని చూడండి: వడ్డీ ఏ తేదీ నుంచి, ఎంత శాతం (మామూలుగా 6 నుంచి 9 మధ్య, పిటిషన్ వేసిన తేదీ నుంచి), ఎంత ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో పెట్టమన్నారు, మీరు అడిగిన ఏ పద్దు కింద సున్నా వేశారు. తక్కువనిపిస్తే 90 రోజుల్లో హైకోర్టుకు అప్పీలు చేసుకోవచ్చు, తేడా లక్ష రూపాయల కంటే తక్కువైతే కుదరదు. పిటిషన్‌లో తక్కువ అడిగామే అని బాధపడేవాళ్లకు ఒక మంచి మాట: న్యాయమైన మొత్తం అంతకంటే ఎక్కువని తేలితే, అడిగిన దానికంటే ఎక్కువ ఇచ్చే అధికారం కోర్టుకు ఉంది.

క్రిమినల్ కేసులో డ్రైవర్‌ను వదిలేశారని ఇక్కడ కేసు పోదు. రెండిటికీ రుజువు కొలత వేరు.

డబ్బు మీ సొంత ఖాతాలోకే రావాలి. జాయింట్ ఖాతా, మధ్యవర్తి తెరిపించిన కొత్త ఖాతా వద్దు. పాస్‌బుక్‌లో పేరు, అవార్డులో పేరు ఒకటేనా అని డిపాజిట్ పడకముందే సరిచూసుకోండి. తేడా ఉంటే పేరు సవరణకు ఒక చిన్న పిటిషన్ వేయాలి. కంపెనీ గడువులోగా జమ చేయకపోతే అమలు పిటిషన్ వేయించండి, అప్పటిదాకా వడ్డీ పెరుగుతూనే ఉంటుంది.